లేవక్కర్లేదు, ఊపిరి తీస్తే చాలు

బయట తాళం అత్తగారిది. లోపల గడియ ఆవిడ కూతురిది. అయిదు రోజులుగా ఆ ఇంట్లో ఒకే తలుపుకి రెండు పంతాలు. ఇవాళ పొద్దున ఎంత పిలిచినా లోపలి నుంచి జవాబు రాలేదు. తాళం ఎలాగో వచ్చింది గాని, గడియ మాత్రం ఆవిడ కొడుకు, పశువుల డాక్టరు, నాలుగుసార్లు భుజంతో గుద్దితే తప్ప ఊడలేదు.

ఇరవై ఆరేళ్లొచ్చినా ఇంటిల్లిపాదీ పిచ్చుక అనే పిలుస్తారు ఆ అమ్మాయిని. మంచానికీ గోడకీ మధ్య నేల మీద, పొడుగు చేతుల చొక్కాలో ముడుచుకుని పడి ఉంది. పెదవులు నీలంగా మారాయి. గొంతులోంచి ఉండుండి ఒక చప్పుడు వస్తోంది.

"నిద్రపోతోందిరా. గురక పెడుతోంది," అంది అత్తగారు కొడుకుతో. తనకి తాను చెప్పుకున్నట్టుంది ఆ మాట.

"అది గురక కాదత్తయ్యా. కొంచెం జరగండి," అంది కోడలు.

డ్యూటీకి బయల్దేరబోతున్న మనిషి చెప్పులతోనే లోపలికి వచ్చేసింది. భుజాన సంచి అలాగే ఉంది. ఆవిడ నర్సు. వ్యాన్లో వీధి వీధీ తిరిగి, మత్తు పొడికి అలవాటుపడ్డ వాళ్ల పుళ్లు కడిగి కట్లు కట్టడం ఆవిడ పని. జనం ఆ వ్యానుని కట్ల బండి అంటారు, ఆవిణ్ని కట్లమ్మ అంటారు. ఇంట్లో కూడా ఆ పేరు వాడతారు. కాకపోతే ఎత్తిపొడవాల్సి వచ్చినప్పుడు మాత్రమే.

కట్లమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఆడపడుచు రొమ్ము ఎముక మీద వేళ్ల కణుపులతో గట్టిగా రుద్దింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చెంప ఆ అమ్మాయి ముక్కు దగ్గర పెట్టి, గడియారం చూస్తూ కాసేపు అలాగే ఉంది.

"ఏవండీ, అంబులెన్సుకి ఫోను చెయ్యండి. మనిషికి ఊపిరి సరిగా ఆడటం లేదని చెప్పండి. ముందు ఆ మాట చెప్పండి, మిగతావి అడిగితే చెప్పొచ్చు."

"పోలీసులు కూడా వస్తారేమోనే," అంది అత్తగారు.

"రానివ్వండి. వాళ్లకీ కుర్చీ వేద్దాం."

సంచిలోంచి ముక్కులో కొట్టే మందు తీసింది. ఒక ముక్కురంధ్రంలో పెట్టి ఒకే ఒక్క నొక్కు. తర్వాత తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, నోటి మీద పల్చటి ముసుగు వేసి ఊపిరి ఊదడం మొదలుపెట్టింది. ఊదడం, అయిదంకెలు ఆగడం, మళ్లీ ఊదడం. ఛాతీ పైకి లేచినప్పుడల్లా తల ఊపుతోంది. వీధిలో ఎన్నోసార్లు చేసిన పనే అది. సొంత ఇంట్లో చెయ్యడం మాత్రం ఇదే మొదలు.

డాక్టరు ఫోను పెట్టేసి హాల్లోకి పరుగెత్తాడు. తిరిగి వచ్చేటప్పటికి ఆయన చేతిలో తన పనిసంచి ఉంది. ఒక చిన్న సీసా తీశాడు, సిరంజి తీశాడు. ఆయన వేళ్లు ఆ పని నిద్రలో కూడా చెయ్యగలవు.

"ఏంటది?" అంది కట్లమ్మ, రెండు ఊపిరుల మధ్య.

"మత్తు దించేది. నువ్వే కదా నెల నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నావు, వీధిలో అమ్మే పొడిలో మా పశువుల మత్తుమందు కలుపుతున్నారని. దాని విరుగుడు నా దగ్గరుంది. గుర్రానికి ఇస్తే రెండు నిమిషాల్లో లేచి నిలబడుతుంది."

"ఇది గుర్రం కాదు, మీ చెల్లెలు."

"నలభై అయిదు కేజీలుంటుంది. దూడ లెక్కన..."

"దూడ లెక్క మనిషికి ఎవరు కట్టారు? ఇస్తే గుండె ఏమవుతుందో మీకు తెలుసా?"

డాక్టరు సిరంజిని వెలుతురుకి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి ఆయన.

"తెలియదు," అన్నాడు.

"నాకూ తెలియదు. లోపల పెట్టెయ్యండి."

అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "చేతిలో మందుంచుకుని పిల్లని చావనిస్తావా? నీ కడుపున పుట్టిందైతే ఇలాగే బేరాలాడతావా? ఒరేయ్, నువ్వివ్వరా. తల్లిని నేను చెబుతున్నాను."

డాక్టరు తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఏమిటో ఆ రెండడుగుల జాగాలో ఆయనకి బాగా తెలిసింది.

కట్లమ్మ కళ్లు పిచ్చుక ఛాతీ మీదే ఉన్నాయి, పెదవులు మెల్లగా కదులుతున్నాయి.

"పదకొండు," అంది చివరికి.

"ఏంటి పదకొండు?"

"నిమిషానికి పదకొండు ఊపిరులు. ఇందాక నాలుగే. పెదాలు చూడండి, రంగు తిరుగుతోంది."

"మరి లేవదేం?"

"లేవక్కర్లేదత్తయ్యా. ఊపిరి తీస్తే చాలు." కట్లమ్మ మొదటిసారి వెనక్కి వాలి, తానూ ఒక ఊపిరి తీసుకుంది. "పొడిలో రెండు మత్తులుంటాయి. ముక్కు మందు ఒకదాన్నే దించుతుంది. ఊపిరి ఆపేది అదే. రెండోది, పశువులది, దానంతట అదే దిగాలి. మూడు గంటలు పడుతుందో, ఆరు గంటలు పడుతుందో. అందాకా కాపలా కాయడమే మన పని. కళ్లు తెరవలేదు కదా అని మందు మీద మందు కొడితే వాంతులూ, వణుకూ తప్ప ఒరిగేదేం లేదు. ఊపిరి మళ్లీ తగ్గితే అప్పుడు ఇంకోటి కొడదాం."

డాక్టరు సిరంజి సంచిలో పడేశాడు. కానీ పదిహేనేళ్ల అలవాటు సంచిలో పడదు కదా. ఆయన విద్యలో పడుకున్న పశువంటే పోయిన పశువు కిందే లెక్క. కాళ్ల మీద నిలబెట్టామా, బతికించినట్టు. ఆవు ఒకవైపు ఒరిగి పడుకుంటే పొట్ట ఉబ్బి చస్తుంది. అందుకే వంగి, చెల్లెలి చంకల కింద చేతులు దూర్చి, పైకి లాగడం మొదలుపెట్టాడు.

"లే తల్లీ. నిలబడు. నాలుగడుగులు వెయ్యి."

"ఏం చేస్తున్నారు మీరు? దింపండి."

"కూర్చోబెడదాం. కనీసం..."

"మనిషికి వాంతి వస్తే గొంతుకి అడ్డం పడుతుంది. పక్కకి తిప్పాలి. ఎడమ వైపుకి. పైకాలు మోకాలి దగ్గర మడవండి. ఆ చెయ్యి తెచ్చి బుగ్గ కింద పెట్టండి."

చెప్పినట్టే చేశాడు. ఎద్దుల్ని పడగొట్టే మనిషి, చెల్లెలి చేతిని మాత్రం పగిలిపోయే వస్తువులా పట్టుకున్నాడు. బుగ్గ కిందికి తెస్తుంటే చొక్కా చెయ్యి మోచేతి దాకా జారింది.

ముంజేయి అంతా ఊదారంగు. మధ్యలో అరచేయంత మేర తోలు నల్లగా, గట్టిగా అట్ట కట్టి ఉంది. అంచుల వెంట పచ్చి కండ కనిపిస్తోంది.



"ఈ ఊదారంగు నా స్ప్రేదే," అన్నాడు డాక్టరు. "ఆవుల గిట్టలకి, కొమ్ములు తీసిన గాయాలకి కొట్టేది. రెండు నెలల నుంచీ డబ్బాలు తరిగిపోతున్నాయి. నువ్వే అమ్ముకుంటున్నావని కాంపౌండర్ని నానా మాటలూ అన్నాను. పోయిన వారం వాడు మానేసి వెళ్లిపోయాడు."

కట్లమ్మ ఆ చేతిని తిప్పి చూసింది. సూది గుచ్చిన గుర్తు ఒక్కటీ లేదు. పొడిలో ఈ మందు కలిసినప్పటి నుంచీ బండి దగ్గరికి వచ్చే పుళ్లన్నీ ఇలాంటివే. పీల్చిన వాళ్లకీ పడతాయి, పొగ తాగిన వాళ్లకీ పడతాయి.

రెండు నెలల కిందట ఈ రంగు తను చూసింది. భోజనాల దగ్గర, ముంజేతి మీద ఇంత మరక. ఏంటని అడిగితే, పని చేసే లాండ్రీలో రంగు దుప్పటి తడి అంటుకుందని చెప్పింది పిచ్చుక. తను నమ్మేసింది. వీధిలో ఎవరు ఏ మాట చెప్పినా చొక్కా పైకి జరిపి చూసే మనిషి, ఇంట్లో పప్పు వడ్డించుకుని ఊరుకుంది. సిగ్గుతో ఆవిడ ముఖం వేడెక్కింది.

గుమ్మం మెట్ల మీద అడుగుల చప్పుడయ్యింది. అంబులెన్సు వాళ్లు స్ట్రెచరుతో లోపలికి వస్తుంటే అత్తగారు గబగబా వంగి కూతురి చొక్కా చెయ్యి కిందికి లాగేసింది.

కట్లమ్మ మళ్లీ పైకి మడిచింది.

"నలుగురూ చూస్తారే," అంది అత్తగారు గొంతు తగ్గించి.

"చూడాలనే అత్తయ్యా. కప్పితే ఆసుపత్రి డాక్టరుకి కూడా కనిపించదు."

*

ఆసుపత్రి నడవాలో బల్ల మీద అత్తా కోడళ్లు కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ వదిలారు. డాక్టరు ఇంటికి వెళ్లాడు. గదంతా వెతికి, మిగిలిన పొడి ఉంటే పట్టుకోవడం ఆయనకి అప్పగించిన పని.

లోపల పిచ్చుక ఇంకా నిద్రలోనే ఉంది. వేలికి తగిలించిన యంత్రం బుద్ధిగా అంకెలు చూపిస్తోంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది గాని భయం లేదని వార్డు డాక్టరు చెప్పి వెళ్లాడు.

"నేను తాళం వేసింది దాని మంచికే," అంది అత్తగారు, గోడ వైపు చూస్తూ.

"తెలుసు."

"పీడ విరగడైపోతుందనుకున్నాను. రెండు రోజులు ఒణికింది, తిట్టింది, కక్కింది. మూడో రోజుకి కుదుటపడింది. అమ్మయ్య అనుకున్నాను."

కట్లమ్మ సంచి జిప్పు తీసి, వేసి, మళ్లీ తీసింది.

"చెప్పవే. నీ కడుపులో ఏదో ఉంది. చెప్పి చావు."

"అయిదు రోజులు మానితే ఒళ్లు పాత అలవాటు మరిచిపోతుందత్తయ్యా. మనసు మరవదు. మొన్నటి దాకా తట్టుకున్న కొలతే ఇవాళ ఎక్కువైపోతుంది. పైగా తలుపు మూసి ఉంది. పడిపోతే చూసే దిక్కు లేదు. నేను ఇవాళ పది నిమిషాలు ముందు బయల్దేరి ఉంటే..."

"అంటే నేనే చంపబోయానంటావు."

"నేనలా అనలేదు."

"అను. అనేస్తే పోతుంది."

కట్లమ్మ అత్తగారి వైపు తిరిగింది. "సరే, అంటున్నాను. కానీ మీరొక్కరే కాదు. ఆ తాళం కొనుక్కొచ్చింది మీ అబ్బాయి. వద్దని ఒక్కసారి చెప్పి, నా మాట ఎవరు వింటార్లే అని డ్యూటీకి వెళ్లిపోయింది నేను. ఊళ్లో వాళ్లందరికీ 'ఒంటరిగా తీసుకోకండి, తలుపు గడియ పెట్టుకోకండి' అని చెప్పే దాన్ని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలోనే ఉండిపోయాను."

అత్తగారు చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి బల్ల మీద కొంచెం ఇటు జరిగింది. మనిషి పట్టేంత ఖాళీ చెయ్యి పట్టేంతయ్యింది.

మూడున్నరకి పిచ్చుక కళ్లు తెరిచింది. తల్లిని చూసి మొహం పక్కకి తిప్పుకుంది. వదినని చూసి, కట్టు కట్టిన చేతిని దుప్పటి కిందికి లాక్కుంది.

"దాచడం అయిపోయిందమ్మా, అందరూ చూసేశారు," అంది కట్లమ్మ.

"తీసేస్తారా?"

"ఏంటి?"

"చెయ్యి. మా దగ్గర ఒకామెకి మోచేతి దాకా తీసేశారు. ఆసుపత్రికి వెళ్తే తీసేస్తారనే నేను..."

"ఎముక దాకా పోలేదు, డాక్టరు చూశాడు. రోజూ శుభ్రంగా కడిగి, ఎండిపోకుండా తడి మందు పెట్టి కట్టు కడితే మానుతుంది. ఆలస్యమవుతుంది, మానుతుంది. స్పిరిటు పొయ్యకూడదు, గిల్లకూడదు. మీ అన్నయ్య ఆవుల రంగు దరిదాపులకి పోకూడదు. ఆ చెయ్యి నా పూచీ."

"పొడి మానేస్తేనా?"

"మానినా, మానకపోయినా. మానతానంటే దానికి వేరే మందులున్నాయి, దారి ఉంది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. ఇవాళ మానలేనన్నా కట్టు మాత్రం రోజూ కడతాను."

అత్తగారు అడ్డు చెప్పబోయి, దుప్పటి అంచు సర్దింది.

పిచ్చుక కళ్ల వెంట నీళ్లు కారాయి. తుడుచుకోకుండానే, "టైమెంత వదినా?" అంది.

"మూడు నలభై."

ఆ అమ్మాయి మోచేతుల మీద లేవబోయి, కళ్లు తిరిగి మళ్లీ దిండు మీద పడింది. "ఆరింటికి షిఫ్టు దిగుతారు. వాళ్లకి చెప్పాలి."

"ఎవరికి?"

అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది. పిచ్చుక పని చేసేది పెద్ద లాండ్రీలో, ఇస్త్రీ హాల్లో. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల గుడ్డలు. రోజుకి పది గంటలు నిలబడాలి. నడుము పట్టేస్తే మొదట మాత్రలు మింగారు. మాత్రలు పనిచెయ్యడం మానేశాక ఎవరో పొడి తెచ్చారు. తనతో పాటు ఇంకో ముగ్గురు. నిన్న సాయంత్రం ఆ ముగ్గురిలో ఒకామె, గదిలో పడి ఒణికిపోతోందట అని జాలిపడి వచ్చి, చిన్న పొట్లం ఇచ్చి వెళ్లింది.

"ఎలా ఇచ్చింది? తాళంచెవి నా బొడ్లోనే ఉందే," అంది అత్తగారు.

"కిటికీలోంచి."

వీధి వైపు కిటికీ, చువ్వల సందు నాలుగు వేళ్లు. అయిదు రోజుల్లో అత్తగారికి కిటికీ సంగతి తట్టనే లేదు.

"కొత్త సరుకట," అంది పిచ్చుక. "రేపు మా వరసకి సెలవు. అందుకని వాళ్లు ముగ్గురూ ఇవాళ షిఫ్టు దిగాక కలిసి తీసుకుంటామన్నారు. నేను ఎప్పుడూ తీసుకునే దాంట్లో సగమే తీసుకున్నాను వదినా. ఇలా ఎప్పుడూ పడలేదు."

కట్లమ్మ ఫోను మోగింది. డాక్టరు.

"దిండు గలీబులో దొరికింది," అన్నాడు. "గ్లౌజులు వేసుకునే పట్టుకున్నాను, తిట్టకు. నీ అలమార్లో పరీక్ష కాగితాలున్నాయిగా, దాని మీద రాసినట్టు చిటికెడు పొడి నీళ్లలో కలిపి ముంచాను. ఒక్క గీతే వచ్చింది. ఒకటంటే మంచిదా, రెండంటే మంచిదా?"

"ఒక గీతంటే మీ పశువుల మందు ఉన్నట్టు."

"నేను కాంపౌండరు ఇంటికి వెళ్తున్నాను, తప్పయిందని చెప్పడానికి," అన్నాడు డాక్టరు. "కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

ఫోను పెట్టేసి కట్లమ్మ గడియారం చూసింది. లాండ్రీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు, షిఫ్టు దిగేదాకా ఎవరికీ కబురు అందదు.

"నేను వెళ్తాను," అంది.

"నిన్ను చూస్తే పారిపోతారు వదినా. కట్ల బండి వాళ్లు పేర్లు రాసుకుని పోలీసులకిస్తారని ఎవరో పుట్టించారు. నువ్వు మా వదినవని కూడా నేను అక్కడ ఎవరికీ చెప్పలేదు."

అత్తగారు మంచం దగ్గరికి జరిగింది.

"నేను వెళ్తే?"

పిచ్చుక తల్లి వైపు తిరిగింది, కళ్లు తెరిచాక మొదటిసారి. "నువ్వా? పోయిన వారం వెళ్లి నువ్వేం చేసొచ్చావో మర్చిపోయావా? నా కూతుర్ని చెడగొట్టిన దరిద్రులారా అని అందరి ముందూ దుమ్మెత్తిపోశావు. ఒకామె ఏడ్చింది."

"మర్చిపోలేదు. అందుకే వెళ్తానంటున్నా. అంత తిట్టిన దాన్ని మళ్లీ గుమ్మం తొక్కానంటే ఊరికే రాలేదని వాళ్లకి తెలుస్తుంది. పైగా ఆ వాచ్‌మన్‌కి నేనంటే హడలు." లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "ఏం చెప్పాలో దార్లో నేర్పించవే, కట్లమ్మా."

ఆ పేరు ఆ నోటి నుంచి ఎత్తిపొడుపు లేకుండా రావడం అదే మొదలు. కోడలు విని, విననట్టు సంచి తగిలించుకుంది. సంచిలో ముక్కు మందులు మూడు మిగిలాయి. ముగ్గురికి మూడు, సరిపోతాయి.

*

వాచ్‌మన్ నిజంగానే హడలిపోయాడు. "అమ్మా, మళ్లీ గొడవ చెయ్యకండి," అంటూనే గేటు తీశాడు. అప్పటికి అయిదుంపావు.

ఇస్త్రీ హాల్లో ఆవిరి. రెండు వరసల్లో బల్లలు, బల్లకో ఆడమనిషి. పైనుంచి వేలాడే గొట్టాలు, తెల్లటి దుప్పట్ల గుట్టలు. నిలబడ్డ చోటే చెమట కారిపోతోంది. అయినా హాల్లో పొట్టి చేతుల చొక్కా వేసుకున్న వాళ్లు ఎక్కువమంది కనపడలేదు కట్లమ్మకి.

అత్తగారిని చూడగానే ముందు బల్ల దగ్గరామె ఇస్త్రీపెట్టె ఎత్తిపట్టుకుని అలాగే ఆగిపోయింది. ఆమె పక్కామె తల దించుకుంది. ఎవరో గొణిగారు, "వచ్చిందిరా బాబూ మళ్లీ."

అత్తగారు హాలు మధ్యకి నడిచింది. దారంతా వల్లె వేసుకున్న మాటలు మొదలుపెట్టింది.

"పోయిన వారం వచ్చి మిమ్మల్ని అనరాని మాటలన్నాను. అవి వెనక్కి తీసుకుంటున్నాను," అంది. "నా కూతురు పొద్దున చావబోయింది. బతికింది. దానికి మీరు కారణం కాదు. నేను దాన్ని గదిలో పెట్టి తాళం వేశాను, అది ఒక్కతే పడిపోయింది, చూసేవాళ్లు లేరు. నిన్న కిటికీలోంచి పొట్లం ఇచ్చిన తల్లి ఎవరో నాకు తెలుసు. నేను పేరు చెప్పను. జాలిపడే ఇచ్చింది, అదీ తెలుసు. కానీ అమ్మా, ఆ సరుకు మంచిది కాదు. పరీక్ష చేశాం. అందులో పశువుల మత్తు ఉంది. ఇవాళ దాని జోలికి పోకండి. పోకుండా ఉండలేమంటే ఒక్కళ్లే ఉండకండి. ఒకళ్లు తీసుకుంటే ఒకళ్లు మేలుకుని ఉండండి. పడిపోతే నిలబెట్టకండి, నీళ్లు కొట్టకండి. పక్కకి తిప్పండి, ఊపిరి లెక్కపెట్టండి, అంబులెన్సుని పిలవండి. ఇది నా కోడలు. పుండుంటే కడుతుంది. పేరు అడగదు. మిగతాది ఇది చెబుతుంది."

ఇంత పొడుగు మాట తిట్టు లేకుండా ఆవిడ జన్మలో మాట్లాడి ఎరగదు. కట్లమ్మకి అత్తగారి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అది కళ్లలో తెలిసిపోతుందని సంచి వైపు చూపు తిప్పుకుంది.

ఇస్త్రీపెట్టెలన్నీ ఆగిపోయాయి. ఆవిరి బుసబుసమంటోంది.

అప్పుడు చివరి గది తలుపు తీసుకుని మేస్త్రమ్మ వచ్చింది. హాలంతటికీ పెత్తనం ఆమెదే. భారీ మనిషి, మెళ్లో తాడుకి కళ్లజోడు. ఆమెని చూడగానే ఆగిన ఇస్త్రీపెట్టెలు మళ్లీ దుప్పట్ల మీద పడ్డాయి.

"పని టైములో ఏంటిది?" అంది.

"రెండు నిమిషాలు, వెళ్లిపోతాం," అంది కట్లమ్మ.

మేస్త్రమ్మ ఆవిణ్ని కింది నుంచి పైకి చూసింది. "కట్ల బండి నర్సువి కదూ నువ్వు. పేర్లు రాస్తారా?"

"రాయం."

"యాజమాన్యానికి చెబుతారా?"

"చెప్పం."

"ఎన్ని తెచ్చావు ఆ ముక్కు మందులు?"

"మూడు. ముగ్గురికని."

"ముగ్గురని ఎవరు చెప్పారు నీకు?"

మేస్త్రమ్మ గోడ దగ్గరికి వెళ్లి ఆవిరి మీట కట్టేసింది. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. తిరిగి వచ్చి, కట్లమ్మ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, కుడి చేతి గుండీ విప్పడం మొదలుపెట్టింది. గుడ్డ కండకి అతుక్కుపోయినట్టుంది, పళ్లు బిగించింది.

"ముందు నాది చూడు," అంది.

వెనక వరసలో ఎవరో ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచారు. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత కిటికీ పక్కామె. అత్తగారు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వెళ్లి, తొమ్మిది దగ్గర ఆగి, మూడే మందులున్న కోడలి సంచి వైపు చూసింది.